పేటంతా ఎత్తిన చెయ్యి

ఆ ఆదివారం మధ్యాహ్నం నాకు కూడు సయించలా. కంచం ముందు కూచున్నా, లేచా, మళ్ళీ కూచున్నా. "కాలుగాలిన పిల్లిలా ఏందయ్యా ఆ తిరుగుడు?" అని మా ఆవిడ ప్రేమకుమారి కసిరింది.

తిరగక ఏం చెయ్యను? రైలు పట్టాల పక్కన తంతి తీగ తెంపాడని పోలీసులు మా మరియదాసు కొడుకుని పట్టుకుపోయి వారమైంది. పట్టించింది సుందరేనని ఎవడో కూశాడు. ఏంది సాక్ష్యం? ఆ పొద్దు పోలీసు జవాను అడిగితే చెంబెడు నీళ్ళు పోసిందంట. అంతే! పొద్దున ప్రార్థన అయ్యాక గుడి ముందు సంఘం కూడింది. "సుందరి ఈ పేట వదిలి పోవాల. ఒప్పుకున్నోళ్ళు చెయ్యెత్తండి" అన్నాడు సంఘపెద్ద. నేను అటూ ఇటూ చూశా. అందరూ ఎత్తారు. నేనూ ఎత్తా.

సుందరి చచ్చిపోయిన నా సావాసగాడి కూతురు. మొగుడు పోయి ఒంటిగా ఉంటంది. పొద్దు వాలేలోపు రసూల్ బండెక్కి మాచర్ల టేసనుకి పోవాల, ఆపైన ఎక్కడికో దానికే తెలవదు. థూ, నాదీ ఒక బతుకేనా అనిపించింది.

కంచం తోసేసి మా మేనల్లుడు నెహెమ్యా దగ్గరికి పోయా. బడిపంతులు వాడు, ఏదో పెద్ద పరీక్షకి చదువుతున్నాడు. సంగతి చెబితే కళ్ళజోడు తీసి తుడిచాడు.

"మనిషి మనసుని చదివే శాస్త్రం ఒకటుంది మావా, సంఘాన్ని చదివేది ఇంకోటుంది. ఒంటిగా ఉన్నప్పుడు లేని బుద్ధి పదిమందిలో ఎక్కణ్ణించి వస్తదో తెలియాలంటే ఆ రెండూ కలవాల. దాని మీద చానా పుస్తకాలొస్తన్నాయి."

"ఓరి నీ పుస్తకాలు తగలెయ్య! ఇంత తెలిసినోడివి నువ్వెందుకు ఎత్తావురా?"

వాడు తల దించుకున్నాడు. "నువ్వు ఎత్తావుగా మావా. నీకేదో తెలిసే ఎత్తావనుకున్నా."

ఒళ్ళు మండిపోయింది. అక్కణ్ణించి మరియదాసు ఇంటికి ఉరికా. కొడుకు పోలీసుల పాలైనోడు, వీడికైనా కసి ఉండాల గదా! వాడు నన్ను చూసి ఏడ్చాడు. "సుందరి చెప్పలేదన్నా. మావోడే సంతలో వాగాడు, నాకు తెలుసు. పేటంతా నా కోసం చెయ్యెత్తుతుంటే నేనెత్తకుండా ఎట్టుండేది?"

చివరికి సంఘపెద్దనీ నిలదీశా. "నేను అడిగానంతే యేసుపాదం. మీలో ఒక్కడు వద్దన్నా వదిలేసేవాణ్ణి" అన్నాడు ఆ మహానుభావుడు. ఎండలో పన్నెండు గడపలు తొక్కా. పన్నెండిళ్ళలోనూ ఒకటే మాట. ఆ పిల్ల పోవాలని ఒక్కడికీ లేదు!

పంచె ఎగ్గట్టి పరిగెత్తా. సుందరి అప్పటికే ట్రంకు పెట్టె బండిలో పెట్టింది.

"దిగమ్మా! నువ్వు పోవాలని ఎవురికీ లేదు. ఇల్లిల్లూ అడిగొచ్చా. మళ్ళీ సంఘం పెట్టిస్తా!"

అది నన్ను తేరిపార చూసింది. "పెట్టించు బాబాయ్. సుందరి ఉండాలని ముందు చెయ్యి నువ్వు ఎత్తుతావా?"

"నేనా... నెహెమ్యాని కూడా కలుపుకుని, నలుగురం ఒకేసారి ఎత్తితే..."

అనేశాక నా మాట నాకే వినపడి సిగ్గుతో చచ్చిపోయా. సుందరి కోప్పడలా. దగ్గరికొచ్చి నా చెయ్యి పట్టుకుంది.

"నిన్ను అననులే బాబాయ్. పొద్దున ఆడోళ్ళ ఎనకమాల నిలబడ్డా. అందరూ ఎత్తుతుంటే నేనే చెప్పానేమో, మరిచిపోయానేమో అనిపించింది. నేనూ ఎత్తా. నా మీద నేనే ఎత్తుకున్నా. ఈడే ఉంటే, రేపు ఇంకెవురి మీదైనా ఎత్తమంటే ఎత్తేస్తా."

బండెక్కి కూచుని, "తోలు రసూలన్నా" అంది.