మిల్లు మేడ మీది బంగారం

మా అమ్మ ముక్కుపుడక లాల్ మావయ్య తీసుకున్నాడా, లేదా? ఈ అనుమానాన్ని నేను ఏళ్ళ తరబడి మోశాను. దీపం పెట్టి, మేలు చేసినవాళ్ళందరినీ తలుచుకునేటప్పుడు ఆయన పేరు నోటి దాకా వచ్చి ఆగిపోయేది.

డెబ్భై ఏడు ఉప్పెనలో, దివిసీమలోని మా ఊరి ధాన్యం మిల్లు మేడ ఎక్కి బతికినవాళ్ళలో అమ్మా, నేనూ ఉన్నాం. అప్పుడు నాకు పదకొండేళ్ళు. మిల్లు కాపలాదారు లాల్ మావయ్య నన్ను జబ్బ పట్టి మెట్ల మీదికి లాగడం గుర్తుంది. నీళ్ళు తీశాక అమ్మ ముక్కు బోసిగా ఉండటమూ గుర్తుంది. అడిగితే, "నీళ్ళలో పోయిందిలే" అని మొహం తిప్పుకునేది.

తర్వాత డాక్టర్ గిరిధర్ గారు ఉప్పెన చరిత్ర రాశారు. మిల్లు కాపలాదారు లాల్, బంగారం ఒలిచి ఇచ్చినవాళ్ళనే మేడ ఎక్కనిచ్చాడని అందులో ఉంది. ఊళ్ళో అంతవరకూ గుసగుసగా ఉన్న మాట, అచ్చయ్యేసరికి గట్టిపడింది. లాల్ మావయ్య భార్యను తీసుకుని బందరు వెళ్ళిపోయాడు. కొన్నాళ్ళకి అమ్మ చనిపోయింది. నేను పదో తరగతి దాకా చదివినదాన్ని. పెద్ద చదువులు చదివినాయన రాసింది అబద్ధమనడానికి ధైర్యం చాలేది కాదు. నిజమనుకోవడానికి మనసొప్పేది కాదు.

పెళ్ళయి గుడివాడ వచ్చాను. మావారు శోభనాద్రి గారు ఇక్కడి పఠనమందిరానికి కార్యదర్శి. రెండువేల మూడులో వాళ్ళు 'చరిత్రకారులతో ముఖాముఖి' అని నెలకో సభ మొదలుపెట్టారు. వచ్చినవాళ్ళకు మధ్యాహ్న భోజనం మా ఇంట్లో. అతిథికి పెట్టడం దేవుడికి పెట్టడమేనని నేనే ఒప్పుకున్నాను.

వడ్డిస్తూ వాళ్ళ మాటలు వినేదాన్ని. బందరు కోట గురించి రాసినాయన, మరొకాయన తన వ్యాసం ఎలా కాజేశాడో పాయసం చల్లారేదాకా చెప్పాడు. శాసనాల పుస్తకం రాసినాయన, ఏ ఊళ్ళో ఎంత మంచి శాలువా కప్పారో చెప్పాడు. "ఆ శాసనాల్లో ఏముందండీ?" అని అడిగితే, "అదంతా మీకెందుకులేమ్మా, కాస్త నెయ్యి వెయ్యండి" అన్నాడు. వాళ్ళు లేచాక విస్తళ్ళు తీస్తుంటే నాకు అదోలా ఉండేది. అన్నం పెట్టినచోట అలా అనుకోకూడదని లెంపలేసుకునేదాన్ని.

కార్తీకంలో గిరిధర్ గారు వచ్చారు. పట్టు లాల్చీ, చేతికి రెండు ఉంగరాలు. విస్తరి ముందు కూర్చుని దోసకాయ పప్పు కలుపుకుంటూ మావారితో తన ఉద్యోగ జీవితమంతా చెప్పారు.

"ఉప్పెన పుస్తకమే నన్ను నిలబెట్టిందండీ శోభనాద్రి గారూ! దాంతోనే రీడర్నయ్యాను, దాంతోనే ప్రొఫెసర్నయ్యాను. ఇప్పుడు కాలేజీలో పాఠం కూడా పెట్టారు."

నేను గోంగూర వేస్తూ మెల్లగా అడిగాను. "అన్నయ్యగారూ, ఆ మిల్లు మేడ దగ్గర బంగారం తీసుకున్నాడని రాశారు కదా. అది మీకు ఎవరు చెప్పారండీ?"

"చదివావా చెల్లెమ్మా! శోభనాద్రి గారూ, మీ ఆవిడ గడుసుదే!" అని నవ్వారు. "మిల్లు యజమానే చెప్పాడు."

"ఆయన ఆ రోజు ఊళ్ళో లేరు కదండీ."

"లేడు. నాలుగో రోజుకి వచ్చాడు. తాళం పగలగొట్టారనీ, బస్తాలు విప్పి ధాన్యం తిన్నారనీ, దానికి బదులుగా ఆడవాళ్ళ దగ్గర పుడకలూ దుద్దులూ తనే తీయించుకున్నాడు. ఇద్దరు ముగ్గురు నాతో ఏడ్చుకుంటూ చెప్పార్లే."

నా చేతిలో గరిట ఆగిపోయింది. "మరి లాల్ అని రాశారేంటండీ?"

ఆయన వేలు నాక్కుని, నన్ను చిన్నపిల్లను చూసినట్టు చూశారు. "పుస్తకం అచ్చు వేయించింది ఆ యజమానే కదమ్మా! ఆయన పేరెలా రాస్తాను? తాళం పగలగొట్టింది లాలే, మెట్ల దగ్గర నిలబడిందీ లాలే. చదివేవాడికి అతుకుతుంది. అయినా ఆ లాల్ ఏమన్నా చదువుతాడా, కేసు పెడతాడా?"

మావారు తల వంచుకుని అన్నం కెలుకుతున్నారు. గిరిధర్ గారు విస్తరి అంచున కరివేపాకు ఏరి పెడుతూ, "ఆ పప్పు ఇంకాస్త తీసుకురా చెల్లెమ్మా, అమృతంలా ఉంది" అన్నారు.

ఆయన చేతి వైపు చూశాను. అదే చేత్తో రాశాడు, అదే చేత్తో తింటున్నాడు. వంటింట్లోకి వెళ్ళాను. గిన్నె నిండా పప్పు ఉంది. దాన్ని ముట్టుకోకుండా మజ్జిగ తెచ్చి, పులుసు పోయకుండానే ఆయన విస్తట్లో పోశాను. మా వైపు మజ్జిగ పోస్తే ఇక లేవమనే.

"పప్పు..." అన్నారాయన.

"అయిపోయిందండీ" అన్నాను. తింటున్న అతిథితో అబద్ధమాడటం అదే మొదలు.

చేతులు కడిగించి వచ్చి మావారు గొంతు తగ్గించి కసిరారు. "మజ్జిగేంటే మధ్యలో? పరువు తీశావు!"

"ఎవరి పరువండీ? మీరూ విన్నారుగా."

"విన్నాను. సాయంత్రం సభ ఉంది. జనాన్ని పిలిచాం. శాలువా కొన్నాం. ఇప్పుడేం చెయ్యమంటావు?"

"మిమ్మల్నేమీ చెయ్యమనను. నేను సభకొస్తాను."

సభల్లో నేనెప్పుడూ కూర్చోలేదు. ఆ సాయంత్రం వెనక వరసలో కూర్చున్నాను. సత్యం కోసం ఊరూరా తిరిగానని గిరిధర్ గారు చెప్పారు. జనం చప్పట్లు కొట్టారు. ప్రశ్నలుంటే అడగమన్నారాయన. నేను లేచాను.

"ఆ మిల్లు మేడ మీద నేనున్నానండీ. నన్ను పైకి లాగింది లాల్. లాగేటప్పుడు ఆయన బంగారం మాటే ఎత్తలేదు. మా అమ్మ ముక్కుపుడక తర్వాత మిల్లు యజమాని తీసుకున్నాడు. ఆ సంగతి తెలిసే లాల్ పేరు రాశానని మధ్యాహ్నం మా ఇంట్లో మీరే అన్నారు. అన్నారా, లేదా?"

ఆయన మైకు సర్దుకుని నవ్వారు. "ఈ చెల్లెమ్మ చేతి గోంగూర మాత్రం అద్భుతమండీ!" జనం గొల్లుమన్నారు. ఆ నవ్వు విని నాకు ఒళ్ళంతా మైల పడ్డట్టయింది.

"అన్నారు" అని ఒక గొంతు వినిపించింది. మావారిది. వేదిక పక్కన శాలువా చేతిలో పట్టుకుని నిలబడి ఉన్నారు. "నేనూ పక్కనే ఉన్నాను. అన్నారు."

నవ్వు ఆగిపోయింది. "సరే, వచ్చే ముద్రణలో చూద్దాం" అంటూ గిరిధర్ గారు కుర్చీలో సర్దుకున్నారు. శాలువా కోసం మెడ కాస్త ముందుకు వంచారు కూడా. మావారు కదల్లేదు. చివరికి కమిటీలో ఇంకెవరో వచ్చి కప్పారు.

మర్నాడు బస్సెక్కి బందరు వెళ్ళాను. అడుగుతూ అడుగుతూ లాల్ మావయ్య ఇల్లు పట్టుకున్నాను. అరుగు మీద చిరిగిన వల బాగు చేసుకుంటున్నాడు. మనిషి బాగా ముసలివాడైపోయాడు. ఎవరి అమ్మాయినో చెప్పాను. ఆయన భార్య కరీమున్నీసా గుమ్మంలోంచి, "ఇన్నాళ్ళకి గుర్తొచ్చామా తల్లీ! మీ వాళ్ళ బంగారమేమన్నా దొరుకుద్దేమోనని వచ్చావా?" అంది.

"ఊరుకోవే" అన్నాడాయన.

నేను జరిగిందంతా చెప్పాను. ఆయన వల ముళ్ళు వేస్తూనే విన్నాడు.

"అమ్మ ఎందుకు నోరు విప్పలేదు మావయ్యా?"

"మీ తాతయ్య కౌలుకి చేసేది ఆ యజమాని పొలమే కదమ్మా. ఆవిడ మాత్రం ఏం చేస్తది?" వల పక్కన పెట్టి, "గుడివాడలో చెప్పావు, బాగుంది. మన ఊళ్ళో కూడా చెబుతావా?" అన్నాడు.

"వచ్చేవారం వెళ్తున్నాను. మావారూ వస్తానన్నారు."

ఆయన మొహం విప్పారింది. "మీ అమ్మ నాకొకటి బాకీ తెలుసా? మేడ మీద చలికి వణుక్కుంటా, 'లాల్, తెల్లారి బతికుంటే నీకు కడుపు నిండా పులిహోర చేసి పెడతా' అంది. చుట్టూ శవాలు తేలుతుంటే పులిహోర ఏంటమ్మా అని నవ్వాను. తర్వాత ఈ బంగారం మాట పుట్టింది. ఇంక ఆవిడ మా ఇంటికి ఎట్టా వస్తది?"

నేను చెంగు బొడ్లో దోపుకుని లేచాను. "అత్తయ్యా, చింతపండు ఉందా?"

"మా పొయ్యి మీద వండుతావా?" అంది కరీమున్నీసా.

"వండుతాను. పసుపు కూడా ఇవ్వండి."

ఆవిడ డబ్బాలన్నీ వెతికి పల్లీలు తెచ్చింది. "పచ్చిమిరపకాయలు ఎక్కువెయ్యి, ఈ ముసలాడికి చప్పిడి కూడు దిగదు" అంది. వండుతున్నంతసేపూ పక్కనే నిలబడి ఉప్పు గురించి వాదించింది. అన్నం ఆరబెట్టి కలిపి, ముందు చేతులు జోడించి దేవుడి దగ్గర ఆయన పేరు తలుచుకున్నాను. అరుగు మీద ఆయన ముందు పళ్ళెం పెట్టి వడ్డించాను. ఆయన తిన్నాడు. మళ్ళీ వేశాను, అదీ తిన్నాడు. చాలు అని ఆయనే అనేదాకా గిన్నె పట్టుకుని అక్కడే నిలబడ్డాను.