నాలుగు వందల పది గ్రాములు

మా బావమరిదికి రెండు నమ్మకాలున్నాయి. ఒకటి, తాను రైఫిల్ క్లబ్బు కార్యదర్శి కాబట్టి తనకు రైఫిళ్ళ గురించి తెలుసని. రెండు, బ్యారెల్ మీద పొడవుగా గాడులు కోయిస్తే తుపాకి తేలికవుతుందని, తేలికైతే గురి దానంతటదే కుదురుతుందని. రెండోది క్లబ్బులో ఎవరి చేతిలోనో గాడుల బ్యారెల్ చూసిన రోజున పుట్టింది. మొదటిది పుట్టుకతోనే వచ్చినట్టుంది.

గురువారం పొద్దున కూతురిని వెంటబెట్టుకుని నా లేత్ షాపుకు వచ్చాడు. ఆ పిల్ల చేతిలో నా భార్య రైఫిల్ ఉంది. నా భార్య పోయి నాలుగేళ్ళు. పోతూ పోతూ రైఫిల్ మేనకోడలికిచ్చి, దాని ఖాళీ పెట్టె నాకు మిగిల్చింది. ఆదివారం జూనియర్ జట్టు ఎంపిక. ముగ్గురినే తీసుకుంటారు. పోయినేడు ఈ పిల్ల ఒక్క పాయింటు తేడాతో నాలుగో స్థానంలో ఆగిపోయింది. వచ్చే ఏడాదికి వయసు దాటిపోతుంది కాబట్టి ఇదే ఆఖరు.

"ఆరు గాడులు చాలు బావా. చూడ్డానికి కూడా బాగుంటాయి," అన్నాడు.

చూడ్డానికి బాగుండటం గురికి ఎంత అవసరమో నేను అడగలేదు. అడిగితే చెబుతాడు.

నిజానికి అతన్ని అటునుంచి అటే పంపెయ్యాల్సింది. పంపలేదు. ఎందుకంటే తేలిక మాటకొస్తే అతనికంటే ముందు నేనున్నాను. పెళ్ళైన కొత్తలో ఇదే బ్యారెల్‌ని లేత్ మీద బిగించి, పైపైన చెక్కి, సన్నం చేసి నా భార్యకిచ్చాను. ఆ ఏడే ఆమె జట్టులోకి వెళ్ళింది. తర్వాత ముప్పై ఏళ్ళపాటు ఈ కథ పెళ్ళిళ్ళలోనూ చెప్పాను, చావుల్లోనూ చెప్పాను. ఆమె పక్కనే కూర్చుని వినేది. ఎవరైనా నిజమేనా అని అడిగితే, "ఆయన చేతి చలవే," అనేది.

పిల్ల మాత్రం గొణిగింది. తనకేమీ బరువుగా లేదని, ఇలాగే ఉంచమని. ఇరవై ఏళ్ళ దానికి ఇనుము సంగతి ఏం తెలుసని, కూర్చోమన్నాను. వాళ్ళ నాన్న శనివారం సాయంత్రానికల్లా కావాలని చెప్పి ఆఫీసుకు పోయాడు.

నాకో పద్ధతుంది. కోతకు ముందు తూస్తాను, కోశాక తూస్తాను. తీసేసిన బరువెంతో బ్యారెల్ అడుగున, తుపాకి చెక్క కప్పేసే చోట, అంకెల పంచ్‌తో కొడతాను. ఎవరికీ కనబడదు. నాకు తెలిస్తే చాలు. ఈ బ్యారెల్‌కి 410 కొట్టాను. ఐదు కిలోల ఆరు వందల గ్రాముల తుపాకి, నా చేతిలో పడ్డాక ఐదు కిలోల నూటతొంభైకి దిగింది. పెళ్ళిరోజు మర్చిపోయిన సంవత్సరాలున్నాయి గానీ ఈ అంకెను ఒక్కరోజూ మర్చిపోలేదు.

కాటా మీద పెట్టాను. ఐదు కిలోల ఆరు వందలు చూపించింది.

కాటా చెడిందనుకున్నాను. కిలో రాయి పెట్టి చూశాను. కిలోనే చూపించింది. అయినా కాటా అమ్మినవాణ్ణి నాలుగు తిట్టి మళ్ళీ తుపాకి పెట్టాను. పిల్ల కిటికీలోంచి రోడ్డు వైపు చూస్తోంది. అక్కడ చూడటానికి ఏమీ లేదు.

రెండు బోల్టులు విప్పి చెక్కలోంచి బ్యారెల్ పైకెత్తాను. దాని కింద, చెక్కను తొలిచిన కాలువలో, నీలం గుడ్డలో చుట్టి మైనంతో అతికించిన సీసం కడ్డీలు వరుసగా పడుకుని ఉన్నాయి. గుడ్డ నా పాత పనిచొక్కాది. గుండీ రంధ్రం అలాగే ఉంది. అన్నీ కలిపి తూశాను. నాలుగు వందల పది. ఒక గ్రాము ఎక్కువా లేదు, తక్కువా లేదు. నేను కొట్టిన అంకె చూసే నా భార్య తూచి ఉంటుంది, వంటింటి కాటా మీద.

"నీకు తెలుసా?" అన్నాను.

"అత్తయ్య చెప్పొద్దంది."

"ఎప్పుడు పెట్టింది?"

"మీరిచ్చిన వారానికే. నిలబడి కాలుస్తుంటే ముందు భాగం ఒక్కచోట ఆగేది కాదంట."

"ఆ ముక్క నాకు చెప్పి ఏడవచ్చుగా."

"చెప్తే బాగుచేస్తానంటారని భయమంట మామయ్యా."

ముప్పై ఏళ్ళు ఆ తుపాకిని నన్ను తుడవనివ్వలేదు. నా పనితనం మీద గౌరవమనుకున్నాను. ఇప్పుడు అడుగుదామంటే మనిషి లేదు. దెబ్బలాటకు కూడా దిక్కు లేకుండా చేసిపోయింది.

పోయినవాళ్ళ మాట గదా అని నమ్మెయ్యడం నా వల్ల కాదు. మధ్యాహ్నం క్లబ్బు మైదానానికి వెళ్ళాం. తుపాకిని ఇనప దవడల వైస్‌లో బిగించి సీసంతో ఐదు, సీసం లేకుండా ఐదు కాల్చాను. రెండు కాగితాల్లోనూ తూటాలన్నీ ఒకే కన్నంలోంచి పోయినట్టున్నాయి. సన్నం చేసినందుకు నా బ్యారెల్ గురి తప్పలేదు. సంబరపడటానికి నాకు రెండు నిమిషాలు దొరికాయి. తర్వాత పిల్లని నిలబడి కాల్చమన్నాను. సీసంతో ఐదూ నల్లచుక్కలోనే పడ్డాయి. సీసం తీసేస్తే కాగితానికి తట్టు పోసినట్టయింది.

వైస్‌కి ఊపిరి ఉండదు, గుండె కొట్టుకోదు. మనిషికి ఈ రెండూ ఉన్నాయి కాబట్టి, వాటిని తొక్కిపట్టడానికి ముందు వైపు కాస్త బరువుండాలి. ఈపాటి సంగతి నా తలకెక్కడానికి ముప్పై ఏళ్ళూ ఒక చావూ పట్టాయి.

పిల్ల, నాన్నకు ఏం చెబుతారని అడిగింది. నిజం చెప్పొచ్చు. చెబితే నా కథ ముప్పై ఏళ్ళు విన్నవాడు, ఇంకో ముప్పై ఏళ్ళు నాకే వినిపిస్తాడు. అది పోనీ. నమ్మడు. ఇంకో షాపుకు పట్టుకుపోయి కోయిస్తాడు. ఆ షాపువాడు ఎంత కోస్తాడో, అసలే సన్నబడ్డ బ్యారెల్ ఎటు వంగుతుందో, ఆదివారం పొద్దున పిల్ల గురి చూశాక గానీ తెలియదు. ఇష్టమొచ్చినట్టు ఆడుకోవడానికి పిల్ల ఆఖరి అవకాశం మా బావమరిది కార్యదర్శి పదవి కాదు.

మర్నాడు సీసం మళ్ళీ నీలం గుడ్డలో చుట్టాను. ఉన్నచోటే పెట్టి, మైనం కొత్తది పోశాను. బోల్టులు బిగించాను.

శనివారం వచ్చి బ్యారెల్‌ని అటూ ఇటూ తిప్పి చూశాడు. "గాడులేవి బావా?"

"అడుగున కోశాను, చెక్క కింద. పైన కోస్తే దుమ్ము పట్టి చస్తుంది."

రైఫిల్ భుజానికెత్తుకుని కళ్ళు మూసుకున్నాడు. "అబ్బ. పువ్వులా ఉంది. ఎంత పోయింది?"

"అంకె కిందే కొట్టాను."

ఆదివారం పిల్ల రెండు పాయింట్ల తేడాతో మూడోదిగా జట్టులోకి వెళ్ళింది. ఆ రోజు నుంచి మా బావమరిది కనబడినవాడికల్లా గాడుల మహత్యం చెబుతున్నాడు. అడుగున గాడులు కోయమని ఇద్దరు నా షాపుకు వచ్చారు కూడా. మొన్న వాళ్ళింట్లో భోజనాల దగ్గర పదిమందిలో మొత్తం కథ చెప్పి, నా వైపు తిరిగి, "ఏం బావా?" అన్నాడు.

"నీ సలహా చలవే," అన్నాను. ఎదురుగా పిల్ల తలెత్తకుండా తింటోంది.

ఆ శుక్రవారం బోల్టులు బిగించేముందు బ్యారెల్ అడుగున 410 పక్కన ఇంకో అంకె కొట్టాను. సున్నా. రెండు బోల్టులు విప్పితే ఎవరికైనా కనబడుతుంది. మా బావమరిది విప్పడు. ముప్పై ఏళ్ళు నేనూ విప్పలేదు.