చీపురుపుల్లకు మిరపకాయలు

వెనింగ్ మూడు రోజులుగా ఆకాశాన్ని తిట్టుకుంటోంది. నవంబర్‌లో ఇండోనేషియాలోని జోగ్జాలో మధ్యాహ్నం రెండయిందంటే వాన పడాలి. అలాంటిది మబ్బులు రోజూ సంత వెనక సందు మీదికి వచ్చి, కాసేపు నిలబడి, మొహమాటపు చుట్టాల్లా మంచినీళ్లయినా ముట్టకుండా వెళ్లిపోతున్నాయి.

ఆమెకు కావలసింది ఒక్క షాటు. యూనివర్సిటీలో నాలుగేళ్ల సినిమా చదువు చివర ప్రతివాళ్లూ తీయవలసిన ఇరవై నిమిషాల సినిమాకు అది ముగింపు. ముసలి రిక్షావాడు వానలో తాను తడుస్తూ, అక్కడి రిక్షాల్లో తొక్కేవాడికి ముందుండే ఖాళీ సీటు మీదికి ప్లాస్టిక్ పట్టా దించుతాడు. అంతే. కానీ డిపార్ట్‌మెంటు కెమెరా ఈ రోజు నాలుగింటికల్లా తిరిగి వెళ్లాలి. దాని కోసం వరసలో ఇంకా పదకొండు మంది ఉన్నారు. షాటు లేకపోతే సినిమా లేదు, సినిమా లేకపోతే ఇంకో ఆర్నెల్లు అదే క్లాసు, అదే బెంచీ.

"ట్యాంకరు తెప్పించి పైపుతో కొట్టించమ్మా, అందరూ చేసేది అదే," అని మేష్టారు మొదటే చెప్పారు. ఈ మహాతల్లి వింటేనా! పైపు నీళ్లు అబద్ధంలా పడతాయని క్లాసంతటి ముందు వాదించింది. ఆమెకు ఇంకో పట్టుదల కూడా ఉంది. నటులు కానివాళ్లకు కథ చెప్పకూడదు, చెప్తే మొహంలోకి నటన వచ్చేస్తుంది. అందుకే కార్సో తాతకు ఇది దేని గురించిన సినిమానో ఇప్పటికీ తెలియదు. ఆయన నిజంగానే ఆ సందులో రిక్షా తొక్కే మనిషి. ఇటు నడవమంటే నడిచాడు, అటు చూడమంటే చూశాడు.

ఒంటిగంటన్నరకు వెనింగ్ సందు ఈ చివరి నుంచి ఆ చివరికి ఎన్నోసారో తిరుగుతోంది.

"గోళ్లయిపోయాయి. ఇంక వేళ్లు మొదలెడతావా?" అన్నాడు కెమెరా చూసుకునే దమార్.

"నోర్ముయ్."

"మూసుకున్నా వాన రాదుగా."

ఆమె విసురుగా టీ కొట్టు వెనక్కి నడిచింది. అక్కడ గోడ వారన, మట్టిలో ఏదో ఎర్రగా కనిపించింది. వంగి చూసింది. చీపురుపుల్లకు మూడు మిరపకాయలు, రెండు చిన్న ఉల్లిపాయలు గుచ్చి, నేలలో దిగేసి ఉన్నాయి. ఆ ఊళ్లో పుట్టినవాళ్లకు అదేమిటో ఎవరూ చెప్పక్కర్లేదు. పెళ్లి పందిరి వేసినా, షూటింగు పెట్టినా, వాన రాకుండా మొదట గుచ్చేది అదే.

ఆమెకు ఒళ్లు మండిపోయింది. పుల్ల పీకి, నేరుగా లారస్ మీదికి వెళ్లింది. షూటింగు ఏర్పాట్లన్నీ లారస్‌వే. క్యాంపస్‌లో ఎవరి షూటింగులోనైనా పుల్లలు గుచ్చే చెయ్యి కూడా ఆమెదే.

"నా కొంప ముంచావు కదే!"

లారస్ పుల్లను చూసి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, తాతకు వినపడకుండా గొంతు తగ్గించింది. "ఒట్టు, నేను కాదు! నీకు వానే కావాలని మూడు రోజులుగా నా చెవులు తింటున్నావు. మళ్లీ నేనే గుచ్చుతానా? నాకేమన్నా పిచ్చా?"

"మరి వాటంతటవే నడిచొచ్చాయా?"

వెతికితే ఇంకో నాలుగు దొరికాయి. ఒకటి కెమెరా పెట్టె పక్కనే. అన్నీ తాజా మిరపకాయలే. అంటే ఎవరో రోజూ కొత్తవి గుచ్చుతున్నారు.

టీ కొట్టు బల్ల మీద ఆకు పొట్లం విప్పుకుని అన్నం తింటున్న కార్సో తాత, బళ్లో పిల్లాడిలా ఎడం చెయ్యి ఎత్తాడు.

"నేనేనమ్మా. మా ఆవిడ చేత గుచ్చించి తెస్తున్నా. అంత ఖరీదైన కెమెరా, తడిస్తే పాడవదూ? మా ఆవిడ చెయ్యి గట్టిది. మూడు రోజులుగా ఒక్క చుక్క పడిందేమో చెప్పండి!"

ఆ మొహం గర్వంతో వెలిగిపోతోంది. దమార్ గోడ వైపు తిరిగి భుజాలు ఊగేలా నవ్వుతున్నాడు.

మాకు వానే కావాలి తాతా, అని ఒక్క ముక్క చెప్తే సరిపోయేది. కానీ చెప్తే ఆయన వాన కోసం ఎదురు చూస్తాడు, పడగానే నటిస్తాడు. ఆమె మొండితనం ఆ ముక్కను గొంతులోనే పట్టుకుంది.

"తీసెయ్యండి తాతా."

"తీస్తే పడుతుందమ్మా!"

"పడనివ్వండి."

జ్వరం వచ్చినవాళ్లను చూసినట్టు ఆమెను చూసి, ఆయన మిగతావన్నీ పీకి మిరపకాయలు జేబులో వేసుకున్నాడు. వాటి వల్లే వాన ఆగిందని వెనింగ్ నమ్మదు. నమ్మనని అనుకుంటూనే, ఆరో పుల్ల ఎక్కడైనా ఉందేమోనని సందంతా మళ్లీ వెతికింది.

రెండున్నరయింది. మూడయింది. "మూడున్నరకు సర్దెయ్యాలి," అంది లారస్ మెల్లిగా. వెనింగ్ వినిపించుకోలేదు. మూడుంపావుకు గాలి లేచింది. రేకుల మీద టపటపమని నాలుగు చుక్కలు పడ్డాయి, ఆ వెనకే కుండపోత.

"తాతా, రిక్షా దగ్గరికి! వాన పడితే మామూలుగా ఏం చేస్తారో అదే చెయ్యండి!"

ఆయన సీటు పైన చుట్టి ఉన్న పట్టా మీద చెయ్యి వేశాడు. ఆ తడిసిన చెయ్యి, ఆ వంగిన వీపు, అచ్చం ఆమె ఏడాదిగా కలగన్నట్టే ఉన్నాయి. సరిగ్గా అప్పుడే కెమెరా మీద లారస్ పట్టిన గొడుగు గాలికి తిరగబడింది. తాత తలెత్తి కెమెరా వైపు చూశాడు.

"వద్దు తాతా, ఇటు చూడకండి," అని గొణిగింది వెనింగ్.

ఆయన పట్టాను కొక్కేలతో సహా ఊడబీకి, నీళ్లు చిందేలా పరిగెత్తుకొచ్చి, కెమెరా మీద కప్పేశాడు.

"కట్! ఏం చేశారు తాతా!"

ఏడు నిమిషాలకు వాన నిలిచిపోయి ఎండ కాసింది. పట్టా చినిగిపోయింది. వెనింగ్ తడి అరుగు మీద కూలబడి, అందరూ చూస్తుండగానే వెక్కి వెక్కి ఏడ్చింది. దమార్ వచ్చి ఆమె చెవులకు ఇయర్‌ఫోన్లు పెట్టి, తీసింది చూపించాడు.

వానలో ముసలాయన ఖాళీ సీటును వదిలి సూటిగా పరిగెత్తుకొస్తున్నాడు. కంగారు పడ్డ ఆ మొహం తెరంతా నిండింది. తరవాత అంతా నీలం పట్టా, దాని మీద వాన చప్పుడు. ఆ చప్పుడులో ఆయన గొంతు: "నేను తడిస్తే ఆరిపోతాను తల్లీ. ఇది తడవకూడదు."

ఆమె రెండుసార్లు చూసింది. ఆ మాట ఆమె రాయలేదు. నాలుగేళ్లు కూర్చున్నా రాయగలిగేది కాదు. సినిమాకు ముగింపు దొరికింది.

"తప్పు చేశానా అమ్మా?" తాత వణుకుతూ ఎదురుగా నిలబడ్డాడు.

"తప్పు నాది తాతా," అని, ఆయన్ని పక్కన కూర్చోబెట్టుకుని తువ్వాలు కప్పింది. మిగతావాళ్లు సామాను సర్దుతుంటే మొదటిసారి కథ మొత్తం చెప్పింది. రిక్షావాడు ఒక పంతులమ్మను ముప్పై ఏళ్లు రోజూ బడికి తీసుకెళ్తాడు. ఒకరోజు ఆమె రాదు. ఆమె పోయిందని అతనికి ఎవరూ చెప్పరు. వాన వస్తే, ఆమె సీటు తడవకుండా పట్టా దించుతాడు.

"ఓహో, వానే కావాలా! ముందే చెప్పకూడదూ? మా ఆవిడకు వానను పిలవడం కూడా వచ్చు," అన్నాడాయన. లారస్ పకపకా నవ్వింది. తాత మాత్రం ఏదో ఆలోచనలో పడ్డాడు.

"అయితే మూడు రోజులుగా నేను ఆ పంతులమ్మ కోసం ఎదురు చూస్తున్నానన్నమాట."

"అవును తాతా."

"చెప్పుంటే దారి వంక సరిగ్గా చూసేవాణ్ణి కదమ్మా."

ఆయన తువ్వాలు భుజం మీద సర్దుకుని, సందు చివర వైపు చూశాడు. చాలాసేపు అలాగే చూశాడు. వెనింగ్ గభాలున దమార్ వైపు తిరిగింది. కెమెరా అప్పటికే పెట్టెలో ఉంది.