ప్రస్థానం మూట

వెంకటప్పయ్య గారికి బర్మా రూల్సు వచ్చినంతగా బర్మా వాళ్ళకే రావని మా క్యాంపులో అనుకునేవాళ్ళం. తుంగభద్ర కాలవకి నీళ్ళొచ్చాక గోదావరి వైపు నుంచి బళ్ళారి చేరిన సంసారాల్లో వాళ్ళదొకటి, మాదొకటి. రెండిళ్ళకీ మధ్య ఒక్క గోడే. ఆయన గొంతెత్తి చదివిన రూలల్లా నాకూ బలవంతాన వంటబట్టింది. బంగారం తీసుకెళ్ళకూడదు, తేకూడదు. సూదులు పొడిపించుకున్నట్టు కాగితం ఉండాలి. తిరుగు టిక్కెట్టు చూపించాలి. అన్నిటికంటే పెద్దది, అక్కడ ఉండనిచ్చేది ఒక్క రోజు. మిలిటరీ వాళ్ళు గద్దెనెక్కినప్పటి నుంచీ ఇంతేనట.

ఈ గోలంతా ఆయన భార్య శివపార్వతి చెల్లెలి కోసం. మాణిక్యం పెళ్ళి చేసుకుని రంగం వెళ్ళింది. రంగూన్ని మా వైపు అలాగే అంటారు. అది జపాను యుద్ధానికి ముందు మాట. అప్పటి నుంచి అక్కాచెల్లెళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. ఇప్పుడు మనవాళ్ళ కొట్లు సర్కారు లాక్కుంటుందనీ, రాకపోకలు పూర్తిగా ఆపేస్తారనీ పుకార్లు వస్తున్నాయి. ఈసారి చూడకపోతే ఇక చూడలేనేమోనని శివపార్వతి నా దగ్గర కళ్ళు ఒత్తుకునేది.

మద్రాసులో ఎవరినో పట్టుకుని వెంకటప్పయ్య గారు ఇద్దరికీ పాస్‌పోర్టులు, వీసాలు, విమానం టిక్కెట్లు సంపాదించారు. కాదనను, తిరిగాడు మనిషి. కంటోన్మెంట్‌లో డాక్టరు దగ్గర ఇద్దరూ సూదులు వేయించుకున్నారు. ఆవిడ ఇంటికొచ్చి గేదె పాలు పితికింది. ఆయన దుప్పటి ముసుగు పెట్టి, బర్మా ప్రభుత్వాన్ని తిడుతూ మూలిగారు.

తీరా అన్నీ కుదిరాక ఆయన అరుగు మీద కూర్చుని, తానొక్కడే వెళ్ళొస్తానని తేల్చేశారు. ఆవిడ మెడలో పుస్తెలున్నాయి, అవి బంగారం, రూలు ఒప్పుకోదట. మర్నాటికల్లా శివపార్వతి పుస్తెలు తీసి దేవుడి దగ్గర పెట్టి, పసుపు తాడుకి పసుపు కొమ్ము కట్టుకుని ఎదురుగా వచ్చి నిలబడింది. ఆయన ఇంకో రూలు తీశారు. ఉండేది ఒక్క రోజు, ఆడవాళ్ళు ఏడుపు మొదలుపెడితే ఆపరు, విమానం తప్పితే ఇద్దరూ జైల్లో పడతారు. తాను వెళ్ళి మాణిక్యం ఎలా ఉందో చూసి, వచ్చి పూసగుచ్చినట్టు చెబుతారట.

నాకు ఒళ్ళు మండింది. చెల్లెలు ఎవరికి, చూసేదెవరు? ఒకరి ఆకలికి ఇంకొకరు భోంచేసి వస్తారా? ఆ మాట ఆయన మొహం మీదే అన్నాను. నాకు బర్మా రూల్సు తెలియవని జవాబిచ్చారు.

అయితే దేవుడున్నాడు. మద్రాసు రైలు సోమవారం పడింది. సోమవారం తూర్పుకి వారశూల, ఆ దిక్కుకి ప్రయాణం కూడదు. వెంకటప్పయ్య గారు శూలకి ఎదురు గుమ్మం దాటే మనిషి కాదు. దానికీ మార్గముంది, ప్రస్థానం. ముందే ఒక మంచి రోజున కట్టుబట్ట ఒకటి, గుప్పెడు బియ్యం, పసుపు, వక్క మూటగట్టి, వెళ్ళే దిక్కున ఉన్న ఇంకొకరింట్లో పెడితే మనిషి బయల్దేరినట్టే లెక్క. ఇక శూల అంటదు. మూటని మళ్ళీ ఇంటికి తేకూడదు, బయల్దేరేదాకా విప్పకూడదు. దానికి గడువు కూడా ఉంది, నాలుగు రోజులు దాటితే ఆ మూట చెల్లదు. ఇవన్నీ ఆయన క్యాంపులో ఇల్లిల్లూ తిరిగి వల్లించారు.

మాకు తూర్పున ఉన్నది హంపమ్మ ఇల్లు. పక్కనున్న కప్పగల్లు ఊరి మనిషి, శివపార్వతికి ప్రాణం. శుక్రవారం పొద్దున వెంకటప్పయ్య గారు పంచె, ఒకే కవర్లో ఉన్న రెండు పాస్‌పోర్టులు భార్య చేతిలో పెట్టి, మూటగట్టి హంపమ్మ ఇంట్లో పెట్టి రమ్మన్నారు. ప్రస్థానం మూట దొంగ కూడా ముట్టడట. శాస్త్రంలో ఎన్ని జాగ్రత్తలు రాశారో గానీ, మూట ఎవరి చేత కట్టిస్తున్నావో చూసుకొమ్మని మాత్రం రాసినట్టు లేదు.

సోమవారం జట్కా వచ్చింది. ఆయన హంపమ్మ ఇంటికి నడిచారు. నేనూ వెనకే వెళ్ళాను, ఇంట్లో కూర్చోవడం నా వల్ల కాలేదు. అప్పటికే శివపార్వతి తల దువ్వుకుని, ఆవకాయ జాడీ ఒళ్ళో పెట్టుకుని అక్కడి అరుగు మీద కూర్చుని ఉంది. ఆయన మూట విప్పారు. పైన ఎర్రంచు చీర.

"నా పంచె ఏదే?" అన్నారు.

హంపమ్మ రొట్టె తట్టుతూనే జవాబు చెప్పింది.

"నువ్వే చెప్పినావు కదప్పా, ఎవురి బట్ట ఉంటే వాళ్ళు బయల్దేరినట్టని. చీర ఉండాది, అక్క పోతాంది. నీకు ఈ పొద్దు శూల. యాడికీ పోవద్దు, ఈడనే రొట్టె ఊట చేసి పండుకో."

ఆయన కుడితిలో పడ్డ ఎలకలా అయిపోయారు. మూట ఇంటికి తీసుకెళ్తే అరిష్టం. అది లేకుండా కదిలితే శూల. జట్కా వాడు రైలు పోతుందని కేకలు. ఆయన అరుగు చివర కూలబడి, గొంతు తగ్గించి అడిగారు, ఏడవనని మాటిస్తావా అని.

"ఇవ్వను," అంది శివపార్వతి. "కడుపు నిండా ఏడ్చాకే మాట్లాడతాను. తీసుకెళ్తారా, లేదా?"

"పద," అన్నారాయన.

అప్పుడు ఆవిడ చీర పైకెత్తింది. కింద ఆయన పంచె, మడత నలగకుండా ఉంది.

"మిమ్మల్ని వదిలేసి వెళ్ళేదాన్నయితే ఇది పెట్టేదాన్నా?" అంది. ఆయన జాడీ తానే ఎత్తుకుని జట్కా ఎక్కారు.

తిరిగొచ్చాక శివపార్వతి చెప్పింది. ఆయన చేతి గడియారం చూసి ఇంత సేపుంది, అంత సేపుంది అని పొద్దస్తమానం అరుస్తుంటే, మాణిక్యం ఆ గడియారం ఊడబెరికి బియ్యం డబ్బాలో పడేసిందట. అక్కకి తగ్గ చెల్లెలే. ఏడ్చారు, నవ్వారు, విమానమూ అందింది. వచ్చేటప్పుడు మాణిక్యం ఒక చిన్న మూట అక్క చేతిలో పెట్టింది. పాత చీర, గుప్పెడు బియ్యం, పసుపు, వక్క. మనుషుల్ని ఆపే రూల్సున్నాయి గానీ ప్రస్థానాన్ని ఆపే రూలు లేదు కదా అందట. విమానాల దగ్గర అధికారి దాన్ని విప్పబోతే, రూల్సంటే వణికే వెంకటప్పయ్య గారు చెయ్యి అడ్డం పెట్టారట. అతను పైనుంచి తడిమి వదిలేశాడు.

ఆ మూటని వాళ్ళింట్లో దూలానికి కట్టారు. మాణిక్యం బయల్దేరినట్టే.

హంపమ్మ దాన్ని కింది నుంచి చూస్తూ, "ఎన్ని దినాలు చెల్లుతాదప్పా ఇది?" అని అడిగింది.

శివపార్వతి మొహం పాలిపోయింది. మేమందరం వెంకటప్పయ్య గారి వైపు చూశాం. ఆయన మూట వంక చూసి, గొంతు సవరించుకున్నారు.

"మనిషి వచ్చేదాకా," అన్నారు. "దానికి గడువు లేదు."