కిటికీ గూట్లో గిన్నె

చలి ముదిరిన నెలల్లో జామ్‌నగర్‌లోని ఆ ఇంట్లో తెల్లవారేది రాబ్ జావ వాసనతోనే. సజ్జపిండిని నేతిలో దోరగా వేయించి, బెల్లం నీళ్లు పోసి, శొంఠి, పిప్పలి మోడి పొడి, నేతిలో పొంగించిన తుమ్మబంక వేసి, ఉండ కట్టకుండా కలుపుతూనే ఉండాలి. చెయ్యి ఆగితే అడుగంటుతుంది. అడుగంటితే కిరీట్ నోరు లేస్తుంది. ఏడో నెల పొట్ట గట్టుకి తగులుతుంటే కోకిల పక్కకి తిరిగి నిలబడి కలుపుతోంది.

ఆ గరిటె హంసది. కిరీట్ మొదటి భార్య. ఏళ్ల తరబడి తిప్పి తిప్పి దాని అంచు ఒక పక్క అరిగిపోయింది. కోకిల ఎలా పట్టుకున్నా అది చివరికి ఆ అరుగు వైపే తిరిగేది, వెనక నిలబడి ఇంకెవరో మణికట్టు పట్టి తిప్పుతున్నట్టు.

మొదటి గిన్నె కిరీట్‌కి. రెండోది అత్తగారికి, ఆవిడని ఇంటిల్లిపాదీ బా అంటారు. మూడోది మూతపెట్టి వెనక గది కిటికీ గూట్లో ఉంచాలి. అది కులదేవతకని, ఎండెక్కాక ఆవుకి పోయాలని, ఎవరూ నోట పెట్టకూడదని బా మొదటి చలికాలంలోనే చెప్పింది. కోకిలకి మిగిలేది మూకుడు అంచు. గీకి, వేణ్ణీళ్లు పోసుకుని తాగేది. "హంస చేస్తే వీధి మొగదాకా ఘుమఘుమలాడేది" అనేవాడు కిరీట్. చచ్చిపోయిన మనిషి అతనికి వంట దగ్గర తప్ప గుర్తొచ్చేది కాదు. బాలింత జ్వరం, దేవుడి రాత అని ఒక్క ముక్కలో తేల్చేశాడు. హంస కన్న ఇద్దరు ఆడపిల్లలు మేనమామ ఇంట్లో పెరుగుతున్నారు.

ఈమధ్య కిటికీ గూట్లో గిన్నె మూత పక్కకి జరిగి ఉంటోంది. పిల్లి అనుకుంది కోకిల. కానీ పిల్లి మూత తీసి పక్కన బోర్లించదు.

ఆ రోజు గిన్నె పెట్టి వచ్చి, మసిగుడ్డ మరిచిపోయానని వెనక్కి వెళ్లింది. గది తలుపు ఓరగా ఉంది. లోపల ఎవరో మాట్లాడుతున్నారు.

బా నేలమీద కూర్చుని ఉంది. ఎదురుగా పరుపు లేని ఖాళీ మంచం. ఆ మంచం వైపు గిన్నె చాపి బతిమాలుతోంది.

"తిను హంసా, ఎవరూ చూడట్లేదు. రెండోసారీ ఆడపిల్లేనని నీకు కాట్లు పెట్టనివ్వలేదు నేను. చేసి ఉంచిందంతా డబ్బాలో దాచి వాడికి పెట్టాను. పచ్చి ఒంటితో చన్నీళ్లలో గుడ్డలుతకమన్నాను. చలేస్తోంది బా అన్నావు, వేషాలన్నాను. తిను తల్లీ, వేడిగా ఉంది."

కాట్లు అంటే బాలింతకి ఒంట్లో చలి చేరకుండా ముప్పైరెండు దినుసులతో చేసే పాకం. ఊళ్లో ఏ ఇంట పురుడొచ్చినా ఆ దినుసులు పొట్లం కట్టి ఇచ్చేది కిరీట్ అంగడిలోనే. ఆ పాకమే అతను రోజూ అంగడికి వెళ్లే ముందు నములుతూ ఉంటే, వెనక గదిలో ఇదే మంచం మీద హంస వణికి ఉంటుంది. కోకిల పొట్ట మీద చెయ్యి వేసుకుంది. తల్లి లేని తనకి పురుడు పోసేది కూడా ఈ ఇంట్లోనే, ఈ మంచం మీదే. లోపలి బిడ్డ ఒక్కసారి కదిలి సద్దుమణిగింది.

కిరీట్ దగ్గరికి వెళ్లి విన్నదంతా చెప్పింది. అతను తలెత్తలేదు. అమ్మకి మతి చలించిందని, పాత సంగతులు తవ్వొద్దని అన్నాడు. ఈసారి కొడుకేనని, పుట్టగానే మేలైన దినుసులు తానే ఏరి తెస్తానని కూడా అన్నాడు.

"ఆడపిల్లయితే?"

కిరీట్ గిన్నె ఊదుకున్నాడు. ఒక గుక్క తాగాడు.

"రాబ్ ఇవాళ పలచబడింది" అన్నాడు.

మర్నాడు కోకిల ఎప్పట్లాగే మూడు గిన్నెలు నింపింది. రెండు ఇచ్చేసి, మూడోది పట్టుకుని అందరూ చూస్తుండగా వెనక గదిలోకి నడిచింది. కిటికీ దాకా వెళ్లలేదు. మంచం మీద కూర్చుంది. మొదటి గుక్కకి శొంఠి ఘాటు ముక్కుకి తగిలింది, మోడి కారం గొంతు దిగింది, ఆ తర్వాత వేడి నెమ్మదిగా పొట్టదాకా పాకింది. ఇన్ని చలికాలాలుగా వండుతున్నదాని అసలు రుచి ఆమెకి ఇవాళే తెలిసింది.

కిరీట్ గుమ్మంలోకొచ్చాడు. "దేవత గిన్నె అది."

"అంగడి నుంచి కాట్లు దినుసులు ఇవాళే పంపండి. పురుడు రాకముందే చేసి నా పెట్టెలో పెట్టుకుంటాను."

"ఏం పుడుతుందో తెలీకుండానా?" నవ్వాడు.

"తెలీకుండానే."

"పంపకపోతే?"

"మా మేనమామ ఊళ్లోనూ అంగళ్లున్నాయి. వాళ్లింట్లో మంచమూ ఉంది. పురుడు అక్కడే పోసుకుంటాను. ఎందుకొచ్చానని అడిగితే విన్నదంతా చెబుతాను."

నవ్వు ఆగిపోయింది. అతని వెనక నడవలోంచి బా గొంతు సన్నగా, భయపడుతూ వినిపించింది.

"హంసా... తిన్నావా?"

కోకిల గిన్నె అడుగున మిగిలింది వేలితో తుడిచి నాకింది.

"తిన్నాను బా" అంది, కిరీట్ కళ్లలోకే చూస్తూ. "నా కూతురు కూడా తింది."