వంతెన సాగిన పొద్దు

ఎన్నిస్‌లోని ఇంటి నుంచి పొద్దుటి రైల్లో లిమరిక్ వచ్చి, స్టేషన్ దగ్గర్నుంచి ఆఫీసుకి నడిచిపోవడం గిరిజాకుమారికి ఏళ్ళ తరబడి అలవాటు. భుజానికి ల్యాప్‌టాప్ బ్యాగు, చేతిలో లంచ్ సంచి, నెత్తి మీద ఆగీ ఆగీ పడే తుంపర. దారిలో షానన్ నది మీద పాత రాతి వంతెన ఒకటి దాటాలి. మామూలు రోజుల్లో అది దాటడానికి ఒక పాట వినేంత సేపు చాలు. వంతెన సాగిన రోజున మాత్రం ఎంతసేపు పడుతుందో ఎవరూ చెప్పలేరు.

సాగడమంటే నిజంగా సాగడమే. ఇక ఇంటికి తిరిగి పోకూడదని మనసులో అనుకున్న మనిషి ఎవరైనా దాని మీద కాలు పెడితే ఆ వంతెన పొడుగవుతుంది. ఎంత నడిచినా అవతలి గట్టు దగ్గర పడదు. ఊళ్ళో దీన్ని ఎవరూ వింతగా చెప్పుకోరు. రేడియోలో వాన సంగతి చెప్పాక, 'ఈ పూట వంతెన సాగింది' అని ఒక మాట చెప్పి మళ్ళీ పాటలు వేసుకుంటారు. ఆఫీసుకి ఆలస్యంగా పోయి 'బ్రిడ్జి లాంగ్‌గా ఉంది' అంటే మేనేజరు మారు మాట్లాడకుండా టీకి కెటిల్ పెడతాడు. ఒకసారి కౌన్సిల్ మనుషులు ఇద్దరు టేపు పట్టుకుని కొలవడానికి వచ్చారట. సగంలో ఒక కాలేజీ కుర్రాడు కనిపిస్తే టేపు అక్కడే పడేసి, వాడితో ఫుట్‌బాల్ గురించీ వాళ్ళ నాన్న గురించీ మాట్లాడుకుంటూ నడిచి గట్టెక్కారు. ఆ తర్వాత కొలిచే పని ఎవరూ పెట్టుకోలేదు.

వంతెన సాగిందని తెలియగానే గట్టు మీద వాళ్ళు ఎక్కకుండా ఆగిపోతారు. వంతెన మీద ఉన్నవాళ్ళు పక్కన నడిచే ఒంటరి మనిషిని పలకరిస్తారు. ఏ బాధా లేని వాళ్ళని వంతెన ఎక్కువసేపు పట్టి ఉంచదు, ఒక్కొక్కరినే గట్టుకి వదిలేస్తుంది. మిగిలిన మనిషి కోసం ఎర్ర రెయిన్ జాకెట్లు వేసుకున్న వాలంటీర్లు వస్తారు. వాళ్ళ పెద్ద బ్రీడా. పోస్టులో ఉత్తరాలు పంచి రిటైరైన మనిషి, ఆ ఊళ్ళో ఆమెకి తెలియని గుమ్మం లేదు. వానా గాలీ అనకుండా ఆ వంతెన మీద తిరిగి ఎంతమందిని ఇంటికి చేర్చిందో లెక్క అడిగితే, "లెక్క ఎందుకు, అందరూ ఇళ్ళల్లో ఉన్నారుగా" అంటుంది. గిరిజకి ఆమె అంటే భక్తి. ఆ భక్తితోనే పోయిన ఏడాది తనూ ఎర్ర జాకెట్టు వేసుకుంది. శనివారం సాయంత్రాలు తన వంతు.

జాకెట్టు వేసుకోవడం తేలికే. కష్టమంతా ప్రశ్నతో వచ్చింది.

"డొంకతిరుగుడు వద్దు," అని నేర్పించింది బ్రీడా. "చచ్చిపోవాలని ఉందా అని సూటిగా అడుగు. అడిగితే లేని ఆలోచన పుడుతుందని భయపడకు, పుట్టదు. ఇప్పటిదాకా దాన్ని ఒక్కరే మోస్తున్నారు, నువ్వు అడిగితే ఇద్దరవుతారు."

గిరిజకి ఆ మాటంటేనే భయం. జగిత్యాలలో చిన్నప్పుడు ఉక్రోషం వచ్చి 'సస్త' అన్నందుకు వాళ్ళ నాయనమ్మ మూతి మీద ఒక్కటిచ్చి, "తథాస్తు దేవతలుంటరే, నోరు మూస్కో" అంది. అశుభం మాట ఎక్కడ వినిపిస్తుందా, ఎప్పుడు 'తథాస్తు' అందామా అని ఆ దేవతలు చెవులు రిక్కించుకుని తిరుగుతుంటారని గిరిజ నమ్మకం. ఇంట్లో అద్దం ముందు నిలబడి సాధన చేస్తుంటే కూతురు శ్రావ్య అలమరలోంచి బిస్కెట్లు తీసుకుంటూ, "మమ్మీ, జస్ట్ సే ఇట్. యూ'ల్ బీ గ్రాండ్" అంది. చివరికి గిరిజే ఒక ఉపాయం కనిపెట్టింది. తథాస్తు దేవతలకి ఇంగ్లీషు రాదు! ఆ ధైర్యంతో ఇంగ్లీషులో అడగడం మొదలుపెట్టింది. అడగ్గా అడగ్గా ఆ మాట ఆఫీసు బూట్లలా అలవాటయింది. బయటికి తొడుక్కుపోవడం, గుమ్మం దగ్గర విప్పేయడం.

మార్చి నెలలో ఒక గురువారం పొద్దున ఆమె వంతెన ఎక్కి కాస్త దూరం నడిచేసరికి, అవతలి చర్చి గోపురం మెల్లగా వెనక్కి జరిగింది. చుట్టూ ఉన్నవాళ్ళు ఉస్సురని ఫోన్లు తీసి ఆఫీసులకి కబురు పెట్టి, పక్కవాళ్ళతో మాటలు కలిపారు. తన వంతు కాకపోయినా గిరిజ బ్యాగులోంచి ఎర్ర జాకెట్టు తీసి తొడుక్కుంది. నాలుగడుగులు వేసిందో లేదో, గోడకి ఆనుకుని లోహిత కనిపించింది.

లోహిత రాజమండ్రి పిల్ల, ఆ ఊరి ఆసుపత్రిలో డాక్టరు. చుట్టుపక్కల తెలుగువాళ్ళకి ఎవరికి ఏ నలత చేసినా జీపీ, అంటే ఫ్యామిలీ డాక్టరు, అపాయింట్‌మెంట్ దొరికేదాకా లోహితే దిక్కు. పిల్లల జ్వరాలు, పెద్దల షుగర్లు, ఇండియాలో అత్తగార్ల స్కానింగులు అన్నీ ఆమె వాట్సాప్‌కే పోతాయి. మొన్ననే గిరిజ ఫోన్ చేసి భర్త కృష్ణమూర్తి మోకాలు గురించి అరగంట మాట్లాడింది. ఆ పిల్ల ఎలా ఉందో మాత్రం అడగలేదు. డాక్టరుని ఎవరడుగుతారు?

"ఏం బిడ్డా, పొద్దుగాల్నే! నైట్ డ్యూటీనా?"

"అవునాంటీ. మీరు ఈ టైముకి ఇటే వస్తారుగా, మీ బాక్సు ఇచ్చేద్దామని." లోహిత నవ్వుతూ మూత పెట్టిన స్టీలు గిన్నె అందించింది. సంక్రాంతికో దేనికో గిరిజ పులిహోర పెట్టి పంపిన గిన్నె. గిరిజ దాన్ని సంచిలో పడేసి, "మంచిగ దొరికినవ్. ఎవలో కష్టంల ఉన్నరు, నువ్వు గూడ ఎంబడి రా, ఎతుకుదాం" అని చెయ్యి పట్టుకు లాక్కుపోయింది.

ఇద్దరూ వెతికారు. గొడుగు లేకుండా తడుస్తున్న ముసలాయన్ని పలకరిస్తే, కుక్కకి మందు కొనడానికి పోతున్నానన్నాడు. స్కూలు యూనిఫాంలో ఏడుస్తున్న అమ్మాయికి ఫోను పోయిందట. లోహిత ఆ అమ్మాయి కళ్ళు తుడిచి నవ్వించి పంపింది. చూసి గిరిజ మురిసిపోయింది, ఎంత బంగారు పిల్ల అని. ముసలాయన గట్టెక్కాడు. అమ్మాయి గట్టెక్కింది. సూటు వేసుకున్న ఇద్దరూ, చంటిపిల్లల బండిలో పిల్లాడితో వచ్చిన తల్లీ గట్టెక్కారు. రెండు వైపులా జనం నిశ్శబ్దంగా నిలబడి చూస్తున్నారు. అటు గట్టున బ్రీడా జాకెట్టు చిన్న ఎర్ర చుక్కలా ఉంది. ఆ చుక్క ఇంకా చిన్నదవుతోంది.

వంతెన మీద ఇక ఇద్దరే మిగిలారు. అందులో ఒకరు తను.

గిరిజ ఆగి, సంచిలో గిన్నె మూత ఎత్తి చూసింది. చేతిలో సంచి ఎందుకంత తేలిగ్గా ఉందో అప్పుడు తెలిసింది. ఖాళీ గిన్నె తిరిగివ్వడం లోహిత ఎరగదు. పోయినసారి తొనలు ఒలిచిన నారింజ పెట్టి ఇచ్చింది, అంతకుముందు ఏమీ లేకపోతే గుప్పెడు పంచదార పోసి ఇచ్చింది. ఈసారి గిన్నె కడిగి, తుడిచి, ఉత్తదే ఇచ్చింది.

"తిన్నవా బిడ్డా?" అంది గిరిజ. ముందు ఆ మాటే వచ్చింది.

"తిన్నానాంటీ." వంతెన ఇంకాస్త సాగింది.

"పాణం మంచిగుందా?"

"బానే ఉన్నానండీ. గ్రాండ్." బ్రీడా కనిపించకుండా పోయింది.

ఈ దేశంలో 'గ్రాండ్', మన ఇళ్ళల్లో 'బానే ఉన్నాం'. రెండూ గిన్నె మీద మూతలే, లోపల మాడుతున్నా పైకి కనపడనివ్వవు. గిరిజ గుండె దిటవు చేసుకుని ఇంగ్లీషులో అడిగింది, నేర్చుకున్న ప్రశ్న నేర్చుకున్నట్టే. లోహిత కూడా ఇంగ్లీషులోనే, "నో నో, ఆంటీ, జస్ట్ టయర్డ్. ఇట్స్ బీన్ ఎ లాంగ్ వీక్" అంది. ఆ పిల్ల రోజూ ఆసుపత్రిలో ఆ ప్రశ్న ఎందరినో అడుగుతుంది. దానికి జవాబులన్నీ ఆమెకి కంఠతా వచ్చు.

గాలి రివ్వున కొట్టింది. ఇక తెలుగులో అడగాలి, వేరే దారి లేదు. తన నోటితో, తన పిల్లలాంటి పిల్లని, ఆ మాట! దేవతలు వింటే? విని ఒక్కరు తథాస్తు అంటే? కానీ ఆ నవ్వు మొహం వెనకాల ఏముందో ఆ ఒక్క మాటతో తప్ప తెలియదు. వింటే విననీ అనుకుంది. లోహిత రెండు చేతులూ పట్టుకుంది.

"సచ్చిపోదామని అనిపిస్తుందా బిడ్డా నీకు?"

లోహిత నవ్వు మెల్లగా జారిపోయింది.

"అనిపిస్తోందాంటీ," అంది. "చాలా రోజుల్నించి. మీరు వచ్చేదాకా ఉందామని ఆగాను. ఎందుకాగానో నాకే తెలీదు."

"నా కోసమే ఆగినవ్. మంచి పని జేసినవ్. నడువు, నడుసుకుంట చెప్పు."

వంతెన వెంటనే కురచ కాలేదు. లోహితకి చెప్పుకోవడానికి ఎంత దారి కావాలో అంత ఉంచింది. నెలల తరబడి నిద్ర లేదు. ఏ పని చేసినా తప్పు చేస్తున్నానని భయం. అన్నం రుచి పోయింది, పాటల రుచి పోయింది. అమ్మకి చెబితే బెంగ పెట్టుకుంటుంది, ఇక్కడ చెబితే డాక్టరమ్మకే ఇలాగా అనుకుంటారు. ఇదీ కారణమని ఒక్కటి చెప్పలేకపోయింది. గిరిజ కారణం కోసం తవ్వలేదు, సలహాలు చెప్పలేదు. పైన తొడుక్కున్న ఎర్ర జాకెట్టు విప్పి ఆ పిల్ల భుజాల మీద కప్పి, ఊ కొడుతూ నడిచింది. లోహిత ఏడ్చింది. వెక్కిళ్ళు తగ్గాక, "ఆకలేస్తోందాంటీ, నేనేమీ తినలేదు" అంది. సరిగ్గా అప్పుడే చర్చి గోపురం వాళ్ళ ముందుకొచ్చి నిలబడింది.

గట్టు మీద బ్రీడా ఫ్లాస్కు మూత తిప్పుతూ ఉంది. జనం ఏమీ ఎరగనట్టు పక్కకి తప్పుకుని దారిచ్చారు, ఒకాయన టోపీ తీశాడు. అంతమంది ఆఫీసులకి ఆలస్యమై వానలో తడిసి కూడా ఒక్కరూ విసుక్కోలేదు. ఆ ఊరికే దణ్ణం పెట్టాలనిపించింది గిరిజకి. టీలూ శాండ్‌విచ్చులూ అయ్యాక ముగ్గురూ కలిసి జీపీ దగ్గరికి బయల్దేరారు. ఇక నుంచి ఒంటరిగా ఉంచకూడదనీ, ఆ రాత్రికి ఎన్నిస్‌లో శ్రావ్య గదిలో పడక అనీ దారిలోనే తేలిపోయింది.

బయల్దేరే ముందు గిరిజ సంచిలోంచి గిన్నె తీసి లోహిత చేతుల్లో పెట్టింది.

"ఉత్త గిన్నె నేను తీస్కోను. నింపి తెచ్చియ్యాలె. తొందరేం లేదు, పాణం కుదుటపడ్డంకనే. కానీ నువ్వే తేవాలె, నీ చేత్తోని."

ఈ మాట మాత్రం దేవతలందరికీ వినపడాలని ఆమె గొంతెత్తి గట్టిగా అంది. వంతెన మీదుగా ఆ మాట అవతలి గట్టుదాకా పోయింది.

లోహిత సెలవు పెట్టింది, మందులు వాడింది, వారం వారం కౌన్సిలర్ దగ్గరికి వెళ్ళింది. కొన్ని రోజులు బాగుండేవి, కొన్ని ఉండేవి కావు. బాగుండని రోజున గిరిజకి ఫోన్ చేసి, బానే ఉన్నాను అనకుండా, "ఇవాళ బాలేదాంటీ" అని చెప్పడం నేర్చుకుంది. ఆ ఫోను వచ్చినప్పుడల్లా గిరిజ ఎక్కడున్నా పని ఆపేసి వినేది.

ఎండ రాత్రి పదిదాకా ఉండే రోజులు వచ్చాయి. ఒక ఆదివారం ఎన్నిస్‌లో గిరిజ వాళ్ళ తలుపు బెల్లు మోగింది. గుమ్మంలో లోహిత, చేతిలో స్టీలు గిన్నె. మొహం ఇంకా కొంచెం చిక్కే ఉంది. "సున్నుండలాంటీ, నేనే చేశాను. సరిగ్గా కుదర్లేదు, విరిగిపోతున్నాయి" అంది. గిరిజ గిన్నె అందుకుంది. మూత తియ్యకుండా రెండు అరచేతుల్లో పెట్టుకుని కాసేపు దాని బరువు చూసింది.