చిన్న అక్షరాలు

గుండ్రటి ఫొటోను తెరమీద ఎడమకు జరిపి, పక్కన పేరు పెట్టి, ఆమె వెనక్కి వాలి చూసింది. అత్తగారి మంచాన్ని ఆనుకునే ఆమె బల్ల. మందుల వాసన, కిటికీ ఎండ, ల్యాప్‌టాప్ వేడి అన్నీ ఆ గదిలోనే.

డాక్టరు అపాయింట్‌మెంట్లు తీసుకునే యాప్‌లో ప్రొఫైల్ పేజీని మార్చమన్నారు. కొత్తగా గీసేదేమీ లేదు. బటన్లు, గడులు, అక్షరాలు అన్నీ కంపెనీ డిజైన్ సిస్టమ్‌లో సిద్ధంగా ఉంటాయి. తెచ్చి పేర్చడమే. ఏళ్లుగా ఆమె అలా పేరుస్తూనే ఉంది.

"ఏం చేస్తున్నావే?" అంది అత్తగారు.

"మనిషి వివరాల పేజీ, అత్తయ్యా."

"ఏదీ, చూపించు."

ఫోన్లో తెరిచి ఇచ్చింది. ముసలామె దాన్ని దూరంగా పట్టుకుంది, మళ్లీ దగ్గరికి తెచ్చుకుంది.

"పేరు కనిపిస్తోంది. కిందవి చీమలు బారులు తీరినట్టున్నాయి."

"అవి రక్తం గ్రూపు, పడని మందులు."

"నాలాంటిదానికి అవే కదే కావాల్సింది. నా పేరు నాకు తెలుసు."

ఆమెకు నవ్వొచ్చింది. పెళ్లయిన కొత్తలో ఈ నోటికి జడిసే వంటింట్లో అడుగుపెట్టేది కాదు. ఒకరు ఎడ్డెమంటే ఒకరు తెడ్డెం. తన భర్త పోయాక ఆడపడుచు వచ్చి, తల్లిని వాళ్లింటికి రమ్మంది. సంచీ సర్దుకుని గుమ్మం దాకా వెళ్లిన ముసలామె ఆగిపోయింది. "ఇది ఒక్కత్తే ఉంటే అన్నం తినదు," అని కూతురితో చెప్పి, సంచీ లోపల పెట్టేసింది. ఆ మాట ఇద్దరూ మళ్లీ ఎత్తలేదు.

మధ్యాహ్నం ఆమె చిన్న అక్షరాలు పెద్దవి చేద్దామంటే టీమ్ లీడ్ ఫోన్లో అన్నాడు. "ఆ అక్షరాలు అన్ని టీములూ వాడేవక్కా. అక్కడ మారిస్తే అన్ని పేజీల్లోనూ మారిపోతాయి."

"మారాలనే అంటున్నా."

ఆమె ఎన్నడూ ఎదురు చెప్పని మనిషి. అతను స్వరం తగ్గించాడు.

"పోనీ, ఈ ఒక్క పేజీకి పెంచుకోండి."

"మందుల పేజీలోనూ ఇవే అక్షరాలు. మా అత్తయ్య చదవలేకపోయింది. చదవలేనప్పుడు అవి అక్కడుండి ఏం లాభం?"

"సరే. ఎక్కడ ఏది చెదిరినా మీదే పూచీ."

"నాదే."

అక్షరాలను పెద్దవి చేసి, రంగు ముదురు చేసింది. పేజీలన్నీ వాటంతటవే మారాయి. కొన్నిచోట్ల మాటలు గడి దాటి బయటికొచ్చాయి. ఒక్కొక్కటే సర్దుకుంటూ పోయింది. తలెత్తేసరికి కిటికీలో ఎండ లేదు.

"అత్తయ్యా, ఇప్పుడు చూడండి."

ముసలామె గోడవైపు తిరిగి పడుకుని ఉంది. నిద్ర చెడగొట్టడమెందుకని ఆమె కాసేపు ఊరుకుంది. తర్వాత భుజంమీద చెయ్యి వేసింది. చల్లగా తగిలిన ఆ భుజంమీద చెయ్యి అలాగే ఉండిపోయింది.

చాలాసేపటికి ఆడపడుచుకు ఫోన్ చేసింది.

"వదినా, ఒకసారి రా."

"అమ్మకెలా ఉంది?"

"నువ్వు రా వదినా."

తెల్లారేసరికి అంతా వచ్చారు, తీసుకెళ్లారు. అన్నీ అయి ఇంటికొచ్చాక ఆమె కాళ్లు కడుక్కోవడానికి స్నానాలగదిలోకి వెళ్లింది. కుళాయి పక్కన గట్టుమీద, మూతపెట్టిన గాజుగ్లాసు నీళ్లలో, ముందురోజు పొద్దున ముసలామె కడిగి ఉంచిన పళ్లసెట్టు ఉంది.